వాన తప్పినంత మాత్రాన ఊరు పోదు

హరప్పా ఎందుకు పోయింది? వానలు తగ్గాయి. మధ్య అమెరికా మాయన్లు? కరువు. కంబోడియాలో ఆంగ్కోర్? అదీ కరువే. యూట్యూబ్‌లో పది నిమిషాల వీడియో చూసినవాళ్ళెవరైనా ఇప్పుడు ఇలాగే తేల్చేస్తున్నారు. మేం బళ్ళో చదువుకున్నప్పుడు ఇదే ప్రశ్నకి దండయాత్రలని జవాబు రాస్తే మార్కులు పడేవి. కత్తి పట్టినవాడి స్థానంలోకి ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని దెబ్బకొట్టే స్థితి) వచ్చింది గానీ కథ మటుకు మారలేదు. బయటినుంచి ఏదో వచ్చి పడింది, లోపలున్నవాళ్ళు పాపం పోయారు.

ఈ కథ నాకు గొంతు దిగదు. రాయికీ వానకీ చరిత్రలో పాత్ర లేదని కాదు. తిరుపతిలో ఉండేవాడు ఆ మాట అనలేడు, తలెత్తితే ఎదురుగా రాయే. ఒక ఊరు ఎంతవరకు పెరగొచ్చో రాయీ వానా కలిసి నిర్ణయిస్తాయి, అందులో అనుమానం లేదు. ఆ మేరకు లోబడి ఊరు నిలుస్తుందా పోతుందా అన్నది మాత్రం ఇంకోదాని మీద ఉంది. పడ్డ వానని పట్టి ఉంచే ఏర్పాటు ఎవరి చేతిలో ఉంది, దాన్ని బాగుచేయడానికి డబ్బు ఎవరిస్తున్నారు? కరువొచ్చిన ఏడు బయటపడేది ఈ లెక్కే.

ముందు రాయి సంగతి చూద్దాం. ఘాట్ రోడ్డులో బస్సెక్కినవాళ్ళంతా లోయ వైపు కిటికీలోంచి ఊరిని ఫోటో తీసుకుంటారు. నేనైతే రెండో వైపు, కొండని కోసి రోడ్డు వేసిన వైపు చూడమంటాను. కింద ఉన్నది గ్రానైటు, నైస్ (gneiss) అనే చారల రాయి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాని మీద పొరలు పొరలుగా ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి సముద్రపుటొడ్డు ఇసుక గట్టిపడి అయిన రాయి. నగరి క్వార్ట్‌జైట్ అంటారు. కొన్నిచోట్ల దాని మీద అలల గుర్తులు కూడా మిగిలి ఉన్నాయి. ఈ రెండు రాళ్ళూ కలిసే గీత దగ్గర కొన్ని పదుల కోట్ల ఏళ్ళ కాలం గల్లంతయింది. అంతకాలం గ్రానైటు ఎండకీ వానకీ అరుగుతూ ఉండిందే తప్ప దాని మీద ఏదీ పేరుకుని నిలవలేదు. తరవాత సముద్రం వచ్చి ఇసుక పరిచింది. భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని, పైనున్న శిలాతోరణాన్ని కూడా, జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించింది. శిలాతోరణం దగ్గర సెల్ఫీలకి క్యూ ఉంటుంది. ఈ గీత దగ్గర మాత్రం బస్సు గేరు మార్చుకుని వెళ్ళిపోతుంది.

ఆ గీతకి మన నీళ్ళతో నేరుగా సంబంధం ఉంది. పైరాయి నిండా పగుళ్ళు. వాన నీళ్ళు ఆ పగుళ్ళలోకి దిగుతాయి. అడుగున గట్టి గ్రానైటు తగిలితే ఇక దిగలేక పక్కకి తిరిగి కొండచరియలో ఊటగా బయటపడతాయి. శేషాచలంలో ఇన్ని తీర్థాలు, ఇన్ని కోనలు ఉండడానికి ఇదొక కారణం. వానాకాలంలో కపిలతీర్థం దగ్గర నిలబడి పైకి చూస్తే నిటారు రాతిగోడా, కింద వాలూ విడివిడిగా కనిపిస్తాయి. ఎర్రచందనం కూడా ఈ రాతినేల బిడ్డే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దానివల్ల ఈ ప్రాంతానికి ఎక్కువగా దక్కింది స్మగ్లింగ్ కేసులే, అది వేరే కథ.

కొండ దిగితే మాత్రం ఈ సౌఖ్యం లేదు. చంద్రగిరి నుంచి పడమరగా చిత్తూరు, పలమనేరు, కుప్పం వరకు కాళ్ళ కింద ఉన్నదంతా గ్రానైటు జాతి రాయే. పైన పలచటి ఎర్రమట్టి, దాని కింద కుళ్ళిన రాయి కొంత, ఆ కింద బండ. గోదావరి డెల్టాలోలాగా వందల అడుగుల ఒండ్రు లేదు. ఏడాదికి దాదాపు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అనంతపురంతో పోలిస్తే మేం షావుకార్లమే. నైరుతి మోసం చేసినా ఈశాన్యం ఉందన్న ధీమా కూడా ఉంది. అయితే మన వాన తీరు వేరు. అక్టోబరు, నవంబరుల్లో ఒక వాయుగుండం వచ్చి నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. స్వర్ణముఖి ఆ నాలుగు రోజులు ఏరు, మిగతా ఏడంతా ఇసుక. బండ తాగదు, ఏరు నిలవదు. అలాంటి చోట ఊళ్ళు వెలిశాయంటే రెండు గుట్టల మధ్య వంకకి అడ్డంగా మట్టికట్ట వేయడం నేర్చుకున్నారు కాబట్టే. ఒక చెరువు నిండి మరవ (అలుగు) పోతే ఆ నీళ్ళు కింది చెరువుకి, అది పోతే దాని కిందిదానికి. గ్రానైటు నేల ఎగుడుదిగుడుగా ఉండడం ఇక్కడ కలిసొచ్చింది.

కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం పది ఎత్తులు. ఏటా పూడిక పడుతుంది. కట్ట మీద తుమ్మ మొలుస్తుంది, తూము కారుతుంది. దీనికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే తిరుమల గుడి గోడలు చదవాలి. అక్కడి శాసనాలు వెయ్యికి పైనే, ఎక్కువ తమిళంలో, కొన్ని తెలుగులో, కన్నడంలో. 15, 16 శతాబ్దాల శాసనాల్లో ఒక ఒప్పందం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఫలానా పండగ రోజున స్వామికి తన పేర ఫలానా నైవేద్యం జరగాలని దాత ఇన్ని నర్పణాలు (ఆనాటి నాణేలు) శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో కడతాడు. ఆ సొమ్ముతో గుడికి చెందిన పల్లెల్లో చెరువులు, కాలువలు తవ్వించాలి. దానివల్ల అదనంగా పండిన పంటలోంచి ఆ నైవేద్యం నడవాలి. ప్రసాదంలో నాలుగో వంతు దాతది.

భక్తి సంగతి కాసేపు పక్కన పెట్టి దీన్ని లెక్కగా చూడండి. అసలు పోయి మట్టికట్ట అయింది, వడ్డీ వానతో వస్తోంది. దాతకి తన పేర జరిగే అప్పం ఆగకూడదు. అప్పం ఆగకూడదంటే చెరువు తెగకూడదు. చంద్రగిరిలో రాజు మారినా, దండయాత్ర వచ్చినా, ఆ పల్లెలో తూము బాగుండాలని కోరుకునేవాళ్ళు గుళ్ళో, కోటలో, ఊళ్ళో ముగ్గురూ ఉంటారు. ఇది పుణ్యకాలం, అందరూ సుఖంగా ఉన్నారని అనడం లేదు. ఆ పొలంలో దిగి పనిచేసినవాడికి ఆ ప్రసాదంలో ఎంత దక్కిందో ఏ శాసనమూ చెప్పదు. కానీ వానకీ ఊరికీ మధ్య ఉండే ఏర్పాటు అంటే ఇదే. ఊరు బతకడంలో దీని పాలు బండ కంటే, మోడం కంటే ఎక్కువని నా వాదన.

దీనికి తిరుగులేని సాక్ష్యం హంపీ. 1565లో విజయనగరం కూలింది. తుంగభద్ర ఎండినందుకు కాదు, యుద్ధంలో ఓడినందుకు. రాజధాని పెనుకొండకి పోయి, తరవాత మన చంద్రగిరికి వచ్చి, అక్కణ్ణుంచి వేలూరుకి పోయింది. చంద్రగిరి రాజమహల్‌లో ఇప్పుడు మ్యూజియం ఉంది. కానీ రాయల కాలంలో తుంగభద్ర మీద తవ్విన తుర్తు కాలువ ఇప్పటికీ హంపీ శిథిలాల పక్కనుంచి పారుతూ పొలాలు తడుపుతోంది. సామ్రాజ్యం పోయి నాలుగున్నర శతాబ్దాలైంది, కాలువ పోలేదు. మరి 'నాగరికత పతనం' అన్నప్పుడు పతనమైంది ఎవరు? సింహాసనమా, ఊరా? ఈ ప్రశ్న వేయకుండానే మనం పతనాల గురించి తెగ మాట్లాడేస్తాం.

హరప్పా దగ్గరా ఇదే చిక్కు. సుమారు 4,200 ఏళ్ళ కిందట పశ్చిమాసియా నుంచి మన దేశం దాకా చాలాచోట్ల వానలు బలహీనపడ్డాయి. మేఘాలయలోని మామ్లూ గుహలో పెరిగిన సున్నపురాయి పొరల్లో ఆ జాడ స్పష్టంగా ఉంది. అందుకే 2018లో ఆ కాలం నుంచి ఇప్పటిదాకా ఉన్న భూయుగానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. ఇప్పటి ఇరాక్‌లోని అక్కాడ్ సామ్రాజ్యం, ఈజిప్టు పాత రాజ్యం ఆ దరిదాపుల్లోనే చితికిపోయాయి. హరప్పా నగరాలు మాత్రం ఆ తరవాత కూడా రెండు, మూడు వందల ఏళ్ళు నడిచి మెల్లగా ఖాళీ అయ్యాయి. జనం చచ్చిపోలేదు. తూర్పున గంగా యమునల మైదానం వైపు, దక్షిణాన గుజరాత్ వైపు చిన్న చిన్న పల్లెలుగా చెదిరి, వాన మీద పండే చిరుధాన్యాలు, వరి ఎక్కువగా వేసుకున్నారు. పోయినవి ఇటుకల వీధులు, తూకపురాళ్ళు, ముద్రలు, రాత. రైతు మిగిలాడు, గుమాస్తా పోయాడు.

ఇంకో తమాషా ఉంది. ఘగ్గర్-హక్రా నది ఒడ్డున, ఇప్పటి రాజస్థాన్‌లో ఉన్న కాలీబంగన్ లాంటి హరప్పా పట్నాలు నది ఎండిపోవడం వల్లే పోయాయని చాలాకాలం అనుకున్నారు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ఇసుక వయసు కట్టి చూస్తే, హిమాలయం నుంచి వచ్చే సట్లెజ్ అక్కణ్ణుంచి దారి మార్చుకుంది దాదాపు 8,000 ఏళ్ళ కిందటే అని తేలింది. అంటే ఆ పట్నాలు కట్టేనాటికే పెద్ద నది లేదు. వానకి పారే ఏరు, పాత నది వదిలిన వెడల్పాటి పల్లం, అంతే. పెద్ద నది వదిలిపోయినందుకే అక్కడ ఊరు కట్టడం క్షేమమైంది, ముంచెత్తే వరదలు లేవు. నది పోవడం కొందరికి చావైతే వీళ్ళకి వరమైంది. రాయి, నీరు ఒకే మాట చెప్తాయనుకునేవాళ్ళు దీన్ని ఏ గదిలో పెడతారో నాకు తెలియదు.

ఏ ఏర్పాటూ ఆదుకోలేని దెబ్బలు లేవా అంటే, ఉన్నాయి. 1815లో ఇండోనేషియాలో తంబోరా పేలి ఒక చిన్న రాజ్యాన్ని దాని భాషతో సహా పూడ్చేసింది. దానికి కారణం మనుషుల అలసత్వం అంటే బుద్ధిలేని మాట. అయితే మన రాయలసీమలోనే, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, దానికి ఎదురు సాక్ష్యం ఉంది. 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా పేలినప్పుడు ఎగిరిన బూడిద అక్కడ మందంగా పడింది. ఆ బూడిద పొరకి కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకేలా ఉన్నాయని తవ్వినవాళ్ళు చెప్పారు. చెరువులు, కోటలు ఏమీ లేని వేటగాళ్ళు ఆ బూడిదని దాటి బతికారన్నమాట. మోసుకుపోవలసింది తక్కువైనవాడికి పతనం తక్కువ.

మన దగ్గరి పెద్ద దెబ్బ ధాత కరువు, 1876–78. ఎల్‌నినో గట్టిగా వచ్చిన ఏళ్ళవి, వానలు తప్పిన మాట నిజమే. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కూడా నలిగిపోయింది. కానీ ఆ రెండేళ్ళూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. కరువు పనుల్లో మట్టి మోసిన మగవాడికి రోజుకి ఒక పౌండు ధాన్యం, కొంచెం చిల్లర కూలి అని బ్రిటిష్ ప్రభుత్వం కరువు చూడడానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖాయం చేశాడు. అర కిలోకి తక్కువ గింజలతో రోజంతా మట్టి మోయాలి. ఇంతకు ముందు 1396 నుంచి దక్కనులో పన్నెండేళ్ళు సాగిందని చెప్పే దుర్గాదేవి కరువూ చిన్నది కాదు. దాని తరవాతే విజయనగరం ఎదిగింది. అదే బండ, అదే రుతుపవనం. ఒక కరువు తరవాత రాజ్యం పెరిగితే, ఇంకో కరువులో లక్షలమంది కుప్పకూలిపోయారు. నడుమ మారినదేదో అదే అసలు కారణం. చెరువు బాగుచేసేవాళ్ళకి ఇచ్చిన దశబంధం మాన్యాలు కంపెనీ, రాణీ పాలనల్లో క్రమంగా మామూలు పట్టా భూములైపోయాయి. చెరువు సర్కారుది అయింది, సర్కారుకి చెరువు పట్టలేదు. పొలాలకి నీళ్ళు వదిలే నీరుగంటి మిగిలాడు గానీ అతని మాట వినేవాళ్ళు తగ్గారు.

ఇప్పటి సంగతికి వస్తే, మన ఏర్పాటు పేరు బోరు. మా చిన్నాయన చేలో బోరు వేయించిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. టెంకాయ అరచేతిలో పడుకోబెట్టుకుని ఒకాయన వచ్చి పాయింటు పెట్టిపోయాడు. రిగ్గు బండి రాత్రి పదింటికి వచ్చింది. మొదట ఎర్రమట్టి వచ్చింది. తరవాత గోధుమరంగు గరుసు. కేసింగ్ పైపు దిగాక ఇక బూడిదరంగు పొడి మొదలైంది. మనుషులు, చెట్లు, చెనిక్కాయ చేను, అన్నీ తెల్లగా అయిపోయాయి. బండలో నీళ్ళుండవు, బండలో నెర్రె ఉంటే ఆ నెర్రెలోనే ఉంటాయి. లోతుకి పోయేకొద్దీ పై బరువుకి నెర్రెలు మూసుకుపోతూ ఉంటాయి. మూడువందల అడుగుల దగ్గర పొడి కొంచెం తడిసి ముద్దలుగా వచ్చింది, అందరి మొహాలూ వెలిగాయి, మళ్ళీ పొడే. రిగ్గు అతను రాడ్డు మార్చే ముందు ప్రతిసారీ వచ్చి అడుగుతున్నాడు.

"ఏం చేద్దాం నా, ఇంకో వంద దించమంటావా?"

"దించు సామీ. ఇంతదూరం వచ్చినాం, ఇప్పుడు నిలిపితే ఎట్ల?"

ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి వెయ్యి అడుగులు దాటారు. వచ్చిన నీళ్ళు ఒకటిన్నర అంగుళం, అవీ రెండు ఎండాకాలాలు. మా చిన్నాయన తప్పేమీ లేదు. కరెంటు ఉచితం, చెరువు పూడిపోయింది, పక్కవాడు వేశాడు. చెరువు అందరి కళ్ళ ముందు ఉండేది. నీళ్ళు ఎంతున్నాయో తూము మెట్లు చూసి పసిపిల్లాడు చెప్పేవాడు, ఈ ఏడు వరి వేయాలా రాగి వేయాలా అన్నది దాన్నిబట్టి ఊరంతా కూర్చుని తేల్చుకునేది. బోరులో ఎంతుందో ఎవరికీ కనపడదు. ఒక ఊరు తన నీటిని కళ్ళతో చూడలేని స్థితికి రావడం నా దృష్టిలో ఎల్‌నినో కంటే పెద్ద వాతావరణ మార్పు.

దీనికి రెండో ముఖం వరద, 2021 నవంబరులో చూశాం. ఒకప్పుడు ఆంగ్కోర్‌లోనూ ఇలాగే జరిగింది. 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాలపాటు కరువు, నడుమ నడుమ విపరీతమైన వానలు. వియత్నాం కొండల్లోని చెట్ల వలయాలు ఆ లెక్క చెప్తాయి. కరువుకి అలవాటుపడి మరమ్మతులు, మార్పులు చేసుకున్న కాలువలని వరద చీల్చేసింది. తిరుపతిలో ఏళ్ళ తరబడి నీళ్ళు రాని గుంటలు ప్లాట్లయ్యాయి, వంకలు వీధులయ్యాయి. ఆ నవంబరు వాయుగుండంలో నీళ్ళు తమ పాత దారినే వచ్చాయి. స్వర్ణముఖి గట్టున ఇళ్ళు జారాయి, ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లాయి. రాయల కాలంనాటిదని చెప్పుకునే రామచంద్రాపురం రాయలచెరువు కట్ట కారుతోందని కింది పల్లెలని ఖాళీ చేయించారు. నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయి ప్రాణాలు తీసింది. అదే వానల్లో తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ముందు భూమిలో పాతిన సిమెంటు వరల నీళ్ళ ట్యాంకు, లోపల మనిషి శుభ్రం చేస్తుండగానే, భూమిలోంచి పైకి లేచి నిలబడింది. జనం అద్భుతం చూసినట్టు చూడ్డానికి పోయారు. నేల నీళ్ళతో నిండిపోయి ఖాళీ ట్యాంకుని పైకి తోసింది, అంతే. తన కింద ఉన్న నీటిమట్టాన్ని ఊరు ఎన్నేళ్ళకో మొదటిసారి కళ్ళారా చూసింది.

రాయలచెరువు తెగలేదన్నది గమనించండి. ఇసుక బస్తాలు, రాత్రీ పగలూ మనుషులు, నిలబడింది. ఇన్ని వందల ఏళ్ళలో ఆ కట్టని అలా ఎన్నిసార్లు కాపాడుకుని ఉంటారో.

ఇక చివరి వాదన ఎప్పుడూ ఒకటే వస్తుంది: "కృష్ణ నీళ్ళు వచ్చేశాయి కదయ్యా, ఇంకా చెరువులేంటి?" వచ్చిన మాట నిజం. తిరుపతి తాగే నీళ్ళలో కల్యాణి డ్యామ్‌తో పాటు తెలుగుగంగ నుంచి, కండలేరు వైపు నుంచి వచ్చేవి ఉన్నాయి. అంటే మహాబలేశ్వరం దగ్గర, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి లావా రాళ్ళ మీద, జులైలో పడ్డ వానని మనం ఇక్కడ తాగుతున్నాం. మన వాన తప్పినా వాళ్ళ వాన ఉంటుంది, ఇది చిన్న మేలు కాదు. రోజూ వేలల్లో యాత్రికులు దిగే ఊరు సొంత బండ మీద ఆధారపడి బతకలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నీళ్ళకి నడుమ రాష్ట్రాల ఒప్పందాలు, జలాశయాలు, వందల కిలోమీటర్ల కాలువలు ఉన్నాయి. అదే తెలుగుగంగ చివర ఉన్న చెన్నై 2019 వేసవిలో ఎలా అల్లాడిందో చూశాం.

కుప్పం సంగతి ఇంకా విచిత్రం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. కుప్పం సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ మీద 2025లో కృష్ణ అక్కడి దాకా వచ్చింది. కొండ ఎక్కిన నది అది, ప్రతి బొట్టూ మోటారు మీద ఎక్కింది. అంత కష్టపడి తెచ్చిన నీళ్ళని ఎక్కడ పోశారు? పాత చెరువుల్లోనే. ఆ బండ మీద నీళ్ళు నిలిచే చోట్లు ఎప్పుడో కనిపెట్టి కట్ట వేసి పెట్టారు కాబట్టి. ఆ కట్టల మీద తుమ్మ కొట్టించే పని, మరవ దగ్గర ఇల్లు లేవకుండా చూసే పని ఏ పంచాయతీ ఖాతాలో, ఎంత సొమ్ముతో ఉందో గ్రామసభలో అడిగి చూడండి. మా ఊళ్ళో అడిగితే అది ఇరిగేషన్ వాళ్ళదన్నారు. ఇరిగేషన్ వాళ్ళని అడిగితే వంద ఎకరాల లోపు ఆయకట్టు కదా, పంచాయతీదే అన్నారు.